అల్పాకా ఉన్ని: సగటు చెప్పని సంగతి

ఉన్ని స్వెటర్ వేసుకోగానే కొందరికి మెడ చుట్టూ, మణికట్ల దగ్గర గుచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఉన్ని తమ ఒంటికి పడదని వాళ్లు తీర్మానించేసుకుంటారు. చాలావరకు అది పడకపోవడం కాదు, బట్టలో కలిసిన కొన్ని లావు పోగుల పని. అల్లికలోంచి బయటికి పొడుచుకొచ్చిన పోగు కొస చర్మాన్ని తాకినప్పుడు, అది సన్నదైతే తనే వంగిపోతుంది. లావుదైతే వంగకుండా చర్మంలో నొప్పిని పసిగట్టే నరాల కొసల్ని నొక్కుతుంది. సుమారు 30 మైక్రాన్ల మందం దగ్గర ఈ తేడా మొదలవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక 70 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది. 20 మైక్రాన్ల పోగు కంటే 30 మైక్రాన్ల పోగు మందం ఒకటిన్నర రెట్లే. బిరుసు మాత్రం అయిదు రెట్లు. వంగకుండా నిలబడే గుణం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది మరి. ఇలాంటి లావు పోగులు నూటికి అయిదు దాటాయంటే ఆ బట్టను ఒంటికి ఆనించుకోవడం చాలామందికి కష్టమే.

నా ఉద్యోగం ఉన్ని కొలవడం. పుట్టింది జనగామ దగ్గర, గొర్రెలు కాసుకునే కురుమ ఇంట్లో. చదువు టెక్స్‌టైల్స్ వైపు, ఆ తర్వాత ఉన్ని పరీక్షించే ల్యాబు వైపు తీసుకెళ్లింది. ఎన్నో జంతువుల ఉన్ని నా గాజు పలకల మీదికి వచ్చింది కానీ నా మనసు పడింది మాత్రం దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద బతికే అల్పాకా మీద, దాని బంధువు లామా మీద. పెరూలోని అరెకీపాలో మిల్లులు చూశాను, పునో ప్రాంతంలో మందల మధ్య కొంతకాలం ఉన్నాను. అక్కడి వాళ్లు చూపించాకే నాకు ఒక సంగతి పూర్తిగా తలకెక్కింది: ఉన్ని రిపోర్టులో అందరూ మొదట చూసే అంకె, అంటే సగటు మందం, అసలు సంగతిని సగమే చెబుతుంది.

ఒక లెక్క చూడండి. రెండు అల్పాకాల ఉన్ని పరీక్షించాం, రెండింటికీ సగటు 22 మైక్రాన్లే వచ్చింది. మొదటి దానిలో పోగులన్నీ సగటుకు దగ్గరగానే ఉన్నాయి, ప్రామాణిక విచలనం 4 మైక్రాన్లు. రెండో దానిలో చెల్లాచెదురుగా ఉన్నాయి, విచలనం ఆరున్నర. మొదటి దానిలో 30 మైక్రాన్లు దాటిన పోగులు నూటికి రెండుకు కాస్త ఎక్కువ వస్తాయి. రెండో దానిలో దాదాపు పదకొండు. కాగితం మీద కవలల్లా కనిపించే ఈ రెండు ఉన్నుల్లో ఒకటి పసిపిల్లల మెడకు పనికొస్తుంది, రెండోది కోటు పైభాగానికే పనికొస్తుంది.

అరెకీపా మిల్లుల్లో ఉన్నిని వేరు చేసే పని తరతరాలుగా ఆడవాళ్లది. ఒక్కో జంతువు నుంచి కత్తిరించిన ఉన్నిని బల్ల మీద పరిచి, ముట్టుకుంటూ చకచకా తరగతులుగా విడదీస్తారు. కంటికి ఆనని తేడా వాళ్ల వేళ్లకు తెలుస్తుంది. పెరూ ప్రమాణాల ప్రకారం 23 మైక్రాన్లు, అంతకంటే సన్నది 'బేబీ'. అక్కడి నుంచి 26.5 దాకా 'ఫ్లీస్'. 31.5 దాటితే ముతక రకం. దుకాణంలో 'బేబీ అల్పాకా' అని కనిపిస్తే అది పిల్ల జంతువు ఉన్నే అయి ఉండనక్కర్లేదు. ఆ పేరు మందానిదే కానీ వయసుది కాదు. అలా తరగతులుగా విడదీసే ఆవిడ ఒకరు ఉన్ని గుప్పెట్లోంచి నాలుగైదు లావు పోగులు లాగి తన ముదురు రంగు ఏప్రాన్ మీద పరిచి చూపించారు. మిగిలిన గుప్పెడంతా పట్టులా ఉంది. ఆ నాలుగు పోగులు మాత్రం నిటారుగా, సుద్దలా తెల్లగా ఉన్నాయి. ఆవిడ పోట్లాట ఆ నాలుగింటితోనే.

ఆ పోగులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలంటే చర్మం లోపలికి వెళ్లాలి. ఈ జంతువుల చర్మంలో రోమకూపాలు రెండు రకాలు. మొదటివి పిండం ఎదుగుతున్న తొలి దశలో ఏర్పడే ప్రధాన కూపాలు. వీటి నుంచి లావు పైబొచ్చు వస్తుంది. వాటి చుట్టూ గుంపులుగా, తర్వాత ఏర్పడేవి అనుబంధ కూపాలు. సన్నటి లోబొచ్చు వీటిది. అడవి జంతువుకు ఈ ఏర్పాటు ప్రాణావసరం. పైబొచ్చు వాననూ మంచునూ జారవిడిస్తుంది, లోబొచ్చు వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. లావు పోగులకు నడిమధ్య బోలు కూడా ఉంటుంది. బోలు ఉన్న పోగు రంగును సరిగా పట్టదు కాబట్టి అద్దకం తర్వాత బట్టలో పాలిపోయి కనిపిస్తుంది. మనిషి చేతికి వచ్చాక, ప్రధాన కూపాల నుంచి వచ్చే పోగును కూడా అనుబంధ కూపాల పోగంత సన్నగా మార్చుకుంటూ రావడమే మంచి పెంపకం. మంచి అల్పాకాలో ఈ రెండింటి మధ్య దూరం బాగా తగ్గిపోయింది. లామాలో చాలావరకు తగ్గలేదు.

ఆండీస్‌లో ఒంటె జాతి జంతువులు నాలుగు. గ్వనాకో, వికున్యా అడవివి. లామా, అల్పాకా పెంపుడివి. నాలుగింటికీ 74 క్రోమోజోములే. వాటిలో వాటికి సంకరం జరిగితే పుట్టే పిల్లలకూ మళ్లీ పిల్లలు పుడతాయి. వికున్యా ఉన్ని 12, 13 మైక్రాన్లే; బట్ట నేసే జంతు పోగుల్లో అంత సన్ననివి అరుదు. లామా గ్వనాకో నుంచి వచ్చిందన్నది పాతకాలం నుంచి ఉన్న మాటే. అల్పాకా పుట్టుక మీద మాత్రం చాలా వాదం నడిచింది. చివరికి 2001లో మిరాండా కాడ్వెల్, జేన్ వీలర్, మైకేల్ బ్రూఫర్డ్ బృందం డీఎన్‌ఏ ఆధారంతో అల్పాకా వికున్యా సంతతేనని చూపించింది. అంతవరకూ లామా ప్రజాతిలో ఉన్న అల్పాకా శాస్త్రీయనామం ఆ తర్వాత వికున్యా ప్రజాతిలోకి మారింది. పెరూలోని హునీన్ ప్రాంతంలో తెలార్‌మచాయ్ అనే రాతి గుహలో దొరికిన ఎముకలను బట్టి ఈ మచ్చిక ఆరేడు వేల ఏళ్ల కిందటే మొదలైందని పురావస్తు శాస్త్రవేత్తల లెక్క.

ఇక్కడ కొంచెం ఆగి ఎల్ యరాల్ గురించి చెప్పాలి. దక్షిణ పెరూలో మొకేగ్వా దగ్గరి ఎడారి లోయలో ఉందా ఊరు. వెయ్యేళ్ల కిందట అక్కడ చిరిబాయా సంస్కృతి ప్రజలు ఉండేవాళ్లు. ఇల్లు కట్టుకునేటప్పుడు లామాలనూ అల్పాకాలనూ బలిచ్చి నేల కింద పాతిపెట్టారు. ఆ ఎడారి ఎంత పొడిగా ఉంటుందంటే అవి కుళ్లిపోలేదు. ఒంటి మీద ఉన్నితో సహా ఎండి మమ్మీలుగా మిగిలాయి. వాటి చర్మం నమూనాలను జేన్ వీలర్, తోటి పరిశోధకులు కొలిచి 1995లో ప్రచురించారు. ఒక రకం అల్పాకాల ఉన్ని సగటు 18 మైక్రాన్ల లోపే ఉంది. ఇంకో రకానిది 24 లోపు. వీటికంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది లామా సంగతి. బరువులు మోసే జంతువుగానే మనం ఎరిగిన లామాలో, 22 మైక్రాన్ల సన్నటి ఉన్ని ఉన్న ప్రత్యేక రకం ఒకటి ఆ మందల్లో ఉంది. పైగా ఆ పోగుల్లో ఎగుడుదిగుళ్లు చాలా తక్కువ.

అంటే అక్షరం రాయని, కొలిచే యంత్రం లేని కాపరులు, చేతి వేళ్లతో తడిమి, ఏ మగదాన్ని ఉంచాలో ఏదాన్ని కోయాలో నిర్ణయించుకుంటూ, ప్రధాన కూపాల పోగును అణచగలిగారు. ఈనాటి జన్యుశాస్త్రం ఒక లక్ష్యంగా పెట్టుకున్నది వాళ్ల మందల్లో నడిచి తిరిగింది. ఆ తర్వాత వచ్చిన ఇంకాల కాలంలో మందల పోషణ రాజ్యం పనిగా మారింది. మందల లెక్కలు కిపూ అనే ముడుల తాళ్లలో ఉండేవి. కోంపి అనే అతి సన్నటి నేత బట్టకు వాళ్లిచ్చిన విలువ బంగారానికి కూడా ఇవ్వలేదని చరిత్రకారులు చెబుతారు.

1532లో స్పానిష్ వాళ్లు వచ్చారు. ఒక శతాబ్దం తిరిగేలోపు కాపరుల్లోనూ మందల్లోనూ అత్యధిక భాగం నశించిపోయింది. యుద్ధాలు, రోగాలు, లెక్కలేని వధ, కొత్తగా వచ్చిన గొర్రెలకూ పశువులకూ మేత భూములు పోవడం, అన్నీ కలిశాయి. మిగిలిన మందలు గొర్రెలు కూడా బతకడం కష్టమైన ఎత్తుకు, 4,000 మీటర్ల పైనున్న ఇచు గడ్డి నేలలకు తరలిపోయాయి. రకాలను విడివిడిగా ఉంచిన చేతులు లేవు. లామాలు, అల్పాకాలు కలగలిసి మేశాయి, కలగలిసి ఈనాయి. ఈ కథ అంతా ఇప్పుడు డీఎన్‌ఏలో చదవొచ్చు. 2020లో 'జీనోమ్ బయాలజీ' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఈనాటి అల్పాకా జన్యుపటంలో దాదాపు 36 శాతం లామా నుంచి వచ్చి చేరినదే. మూడో వంతు కంటే ఎక్కువ! అరెకీపా బల్ల మీద ఆవిడ లాగి చూపించిన నాలుగు పోగుల వెనుక నాకు ఈ 36 శాతం కనిపిస్తుంది. పోగు లావు కావడానికి సంకరం ఒక్కటే కారణమని ఏ శాస్త్రవేత్తా అనడు, నేనూ అనను. కానీ ఒక సమాజాన్ని కూల్చేస్తే జంతువు ఒంటి మీది వెంట్రుక కూడా మారిపోతుందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను చూడలేదు.

పోయినదాన్ని తిరిగి తేవచ్చా? జన్యుశాస్త్రం తేవచ్చనే అంటోంది, తొందరపడకపోతే.

పోగు మందాన్ని ఏ ఒక్క జన్యువో శాసించదు. ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి. కాబట్టి రక్తం చుక్క తీసుకుని 'ఇది సన్న ఉన్ని జన్యువు' అని చెప్పే పరీక్ష లేదు. అయితే మందలోని జంతువుల మధ్య కనిపించే తేడాలో పుట్టుకతో వచ్చింది ఎంత, మేత, వయసు, వాతావరణం వల్ల వచ్చింది ఎంత అని లెక్క కట్టొచ్చు. దీన్నే అనువంశికత అంటారు. పునో ప్రాంతంలో 4,060 మీటర్ల ఎత్తున పకోమార్కా అనే ప్రయోగ క్షేత్రం ఉంది. అరెకీపాకు చెందిన ఇంకా గ్రూపు దాన్ని నడుపుతోంది. అక్కడ ప్రతి జంతువు తల్లిదండ్రులెవరో, ప్రతి కత్తిరింపులో ఉన్ని ఎలా వచ్చిందో రాసి పెడతారు. మాడ్రిడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ రికార్డుల మీద చేసిన లెక్కల్లో పోగు మందం అనువంశికత దాదాపు 0.4 అని తేలింది. తేడాలో నూటికి నలభై పాళ్లు రక్తంలోంచి వచ్చిందన్నమాట. పాడి పశువుల్లో పాల దిగుబడికి సాధారణంగా ఇంతకంటే తక్కువే వస్తుంది.

ఈ 0.4తో ఏం చేయొచ్చో చూద్దాం. ఒక మంద సగటు 23 మైక్రాన్లు అనుకోండి. 19 మైక్రాన్ల విత్తనపు మగదాన్ని తెచ్చి మామూలు ఆడవాటికి దాటించాం. మగది సగటు కంటే 4 తక్కువ, ఆడవి సగటుకు సమానం. తల్లిదండ్రులను కలిపి చూస్తే సగటు కంటే 2 తక్కువ. అందులో 0.4 వంతు, అంటే 0.8 మైక్రాన్ మాత్రమే పిల్లలకు దక్కుతుందని ఆశించొచ్చు. 19 మైక్రాన్ల తండ్రికి 19 మైక్రాన్ల పిల్లలు పుడతాయని ఆశపడి డబ్బు పోసిన పెంపకందార్లు పెరూలోనే కాదు, ఆస్ట్రేలియాలో, అమెరికాలో చాలామంది ఉన్నారు. ఒక తరానికి ముప్పాతిక మైక్రాన్ అంటే కొంచెంలా అనిపిస్తుంది. కానీ ఆ కొంచెం వెనక్కి పోదు. తరం మీద తరం పేరుకుంటుంది.

తరం అనే మాటే ఇక్కడ బరువైనది. అల్పాకా చూడి కాలం పదకొండున్నర నెలలు. ఈతకు ఒకటే పిల్ల. ఆవులా నెలనెలా ఎదకు రాదు; మగదానితో కలిశాకే అండం విడుదలవుతుంది. మగదాని వీర్యం జిగురుగా ఉండటం వల్ల కృత్రిమ గర్భధారణ ఈ జంతువుల్లో ఇంకా మామూలు పని కాలేదు. ఒక మంచి ఎద్దు విత్తనం వేల ఊళ్లకు చేరినట్టు ఒక మంచి అల్పాకా మగది చేరలేదు. కాబట్టి తప్పుడు మగదాన్ని ఎంచితే ఒక కాపరి కుటుంబానికి ఆ నష్టం ఏళ్ల తరబడి ఉంటుంది. పునో ప్రాంతంలోనే మకుసాని దగ్గర అక్కోయో ఎస్టేటులో హూలియో బర్రెదా 20వ శతాబ్దం మధ్య నుంచి దశాబ్దాల పాటు చేసిన పని అందుకే అంత గొప్పది. రకాలను, రంగులను వేరు చేసి, మగవాటి ఎంపికలో రాజీ పడకుండా ఆయన తీర్చిదిద్దిన అక్కోయో మంద నుంచి వెళ్లిన జంతువుల సంతతి ఈనాడు ఎన్నో దేశాల్లో ఉంది.

సగటును తగ్గించుకుంటూ పోతే లావు పోగుల సంఖ్య కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే మందానికీ బోలు పోగులకూ జన్యువుల్లోనే గట్టి సంబంధం ఉంది. కానీ సమానత దానంతట అది రాదు. పోగుల మధ్య తేడా ఎంత శాతం అన్నదానికి విడిగా అనువంశికత ఉంది, పకోమార్కా లెక్కల్లో సుమారు 0.3. దాన్ని విడిగా కొలవాలి, విడిగా ఎంచాలి. నేను పదే పదే దీని దగ్గరికే వస్తున్నానని తెలుసు. పెంపకందార్ల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో సగటు మాత్రమే కనిపిస్తున్నంతకాలం వస్తూనే ఉంటాను.

సగటును నమ్మకూడదనడానికి మరో కారణం ఆకలి. మేత లేని ఏడాది అల్పాకా ఉన్ని సన్నబడుతుంది, ఎందుకంటే పోగు మాంసకృత్తులతో తయారవుతుంది, తిండి లేకపోతే పోగుకు కండ ఉండదు. వయసు మీద పడ్డ కొద్దీ లావెక్కుతుంది. అదే జంతువును పచ్చిక దండిగా ఉన్న దేశానికి తీసుకెళ్తే రెండు మూడేళ్లలో లావెక్కొచ్చు. ఆండీస్‌లో 20 మైక్రాన్లు ఇచ్చిన జంతువు రక్తం మారలేదు, కడుపు నిండింది, అంతే. అందుకే రెండు వేర్వేరు మందల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. ఒకే చోట, ఒకే మేత మీద, ఒకే వయసు జంతువులను పోల్చాలి. పకోమార్కా లాంటి చోట రాసి పెట్టిన వంశవృక్షాలకు అంత విలువ ఉన్నది ఇందుకే: మేతనూ వయసునూ లెక్కలోంచి తీసేసి, రక్తం వాటాను మాత్రమే మిగిల్చి చూపగలవు అవి.

మందం ఇంత చిక్కుముడి అయితే మరికొన్ని గుణాలు సూటిగా ఉంటాయి. అల్పాకాలు రెండు తీరులు. వకాయా ఉన్ని ఒత్తుగా, నొక్కులు నొక్కులుగా, ఒంటికి లంబంగా పెరుగుతుంది. పెరూ మందల్లో అత్యధికం ఇవే. సూరి ఉన్ని మెలితిరిగిన పాయలుగా, నిగనిగలాడుతూ కిందికి జారుతుంది. సూరి గుణం వకాయా మీద ప్రబలం. అయినా రెండు సూరీలకు అప్పుడప్పుడూ వకాయా పిల్ల పుడుతుంది. 2010లో వచ్చిన ఒక అధ్యయనం రెండు జన్యుస్థానాలు కలిసి ఈ గుణాన్ని నిర్ణయిస్తాయన్న నమూనాతో దీన్ని వివరించింది. వెంట్రుక ఎంత పొడుగు పెరగాలో చెప్పే ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు ఉంది. పెరుగుదల ఇక ఆపమని సంకేతమిచ్చేది అదే. అది చెడిపోతే వెంట్రుక పొడుగ్గా పెరుగుతుంది; పొడుగు బొచ్చు పిల్లుల్లో, కుక్కల్లో కనిపించిన ఈ కథే లామాల్లోనూ బయటపడింది.

రంగుల దగ్గర జాగ్రత్త అవసరం. కిట్ అనే జన్యువులో ఒక మార్పు ఒక ప్రతిగా ఉంటే అందమైన బూడిదరంగు వస్తుంది. రెండు ప్రతులు కలిస్తే పిండం బతకదని పరిశోధకులు భావిస్తున్నారు. కాబట్టి బూడిదరంగు జంతువును బూడిదరంగు దానికి దాటించకూడదు. నీలి కళ్ల తెల్ల అల్పాకాల్లో చెవుడు కూడా ఈ కిట్ జన్యువు చుట్టూ తిరిగేదే. మిల్లులకు అద్దకానికి తెల్ల ఉన్ని అనుకూలం కాబట్టి 20వ శతాబ్దమంతా కాపరులు తెల్లవాటినే ఉంచుకున్నారు. నలుపు, గోధుమ, కాఫీ రంగులు మందల్లో పలచబడిపోయాయి. సన్నదనం కోసం జరిగిన ఎంపిక కూడా తెల్లవాటికే దక్కింది, రంగువి ముతకగా మిగిలిపోయాయి. పెరూ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ పునోలోని కింసచాతా క్షేత్రంలో రంగు అల్పాకాలను విడిగా కాపాడుతోంది. అద్దకం నీళ్లు లేకుండా రంగు బట్ట కావాలని అడిగే కొనుగోలుదార్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ క్షేత్రం నాకు చాలా అపురూపంగా కనిపిస్తుంది.

ఇప్పుడు తక్కెడ దగ్గరికి వద్దాం. పెరూలో అల్పాకాలు 35 లక్షలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలో ఉన్నవాటిలో సింహభాగం అవే. వాటిలో ఎక్కువ భాగం పెద్ద క్షేత్రాలవి కావు. కెచువా, ఐమారా మాట్లాడే చిన్న కాపరి కుటుంబాలవి. ఏడాదికో రెండేళ్లకో కత్తిరింపు, ఏడాది ఉన్ని అయితే జంతువుకు సుమారు రెండు కిలోలు. దళారి వస్తాడు, మంచిదీ చెడ్డదీ కలిపి ఒకే మూటగా తూకం వేస్తాడు, బరువుకు డబ్బిస్తాడు. తరగతులుగా విడదీయడం, విడదీసినదానికి వచ్చే లాభం మిల్లు దాకా వెళ్లాకే. ఇప్పుడు ఒక చిన్న లెక్క. పోగుల సంఖ్య, పొడుగు సమానంగా ఉంటే 24 మైక్రాన్ల ఉన్ని 20 మైక్రాన్ల ఉన్ని కంటే 44 శాతం ఎక్కువ తూగుతుంది. బరువుకే డబ్బిచ్చే బజారు లావు పోగును పెంచమని కాపరికి ప్రతి ఏడూ చెబుతోందన్నమాట. మిల్లు సన్నది కావాలంటుంది, శాస్త్రవేత్త సన్న మగదాన్ని పంచుతాడు, తక్కెడ మాత్రం వెనక్కి లాగుతుంది. ఈ పోటీలో కాపరిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన విషయం కాదు. మా తాత మంద దక్కనీ నల్లగొర్రెలది. ఆ బొచ్చు ముతకే, గొంగడికి అదే కావాలి. వానకు తడవదు, చలికి వెచ్చన. తర్వాత ఉన్నికి ధర పోయింది, మాంసానికి పెరిగింది. బొచ్చు కత్తిరించే కూలీ డబ్బులు కూడా ఆ బొచ్చు అమ్మితే రాని రోజులొచ్చాయి. బొచ్చు లేని నెల్లూరు పొట్టేళ్లను తెచ్చి దాటించారు. కొన్ని తరాల్లో మా ప్రాంతపు గొర్రెల ఒంటి మీద ఉన్నే పలచబడిపోయింది. ఎవరూ దక్కనీ ఉన్నిని పోగొట్టాలని అనుకోలేదు. ధర ఎటు చూపిస్తే జన్యువులు అటు నడిచాయి. పునో కొండల మీద నాకు భాష రాకపోయినా దళారి తూకం దగ్గర కాపరి ముఖం చూస్తే అర్థమైంది.

ఈ మధ్య పెరూలో కొన్ని కాపరి సంఘాలు ఉన్నిని తామే తరగతులుగా విడదీసి, తరగతికి తగ్గ ధరకు అమ్ముతున్నాయి. నా ఉద్దేశంలో ఏ డీఎన్‌ఏ పరీక్ష కంటే ముందు జరగాల్సింది ఇది. పరీక్షలు కూడా ముందుకొచ్చాయి: అల్పాకా కోసం తయారైన డీఎన్‌ఏ చిప్ 76 వేలకు పైగా గుర్తులను ఒకేసారి చదువుతుంది. పుట్టిన పిల్ల రక్తంలోని ఆ గుర్తులను, రికార్డులున్న మందతో పోల్చి, మొదటి కత్తిరింపు దాకా ఆగకుండానే దాని విలువను అంచనా వేయొచ్చు. ఒక్కో తరానికి ఏళ్లు పట్టే జంతువులో ఇది గొప్ప ఆదా. కానీ పోల్చడానికి రికార్డు ఉండాలి, రికార్డు రాయడానికి కాపరికి కారణం ఉండాలి.

చివరగా లామా గురించి. దాన్ని మోత జంతువుగా, మాంసం జంతువుగా చూసే అలవాటు నాకు నచ్చదు. లామాల్లో చాకు అనే రకం లోబొచ్చు చాలా అల్పాకాల ఉన్నికి ఏమాత్రం తీసిపోదు. దాన్ని ముతక చేస్తున్నది పైబొచ్చు ఒక్కటే. ఈనాడు ఆ పైబొచ్చును యంత్రాలతో తీసేస్తున్నారు. యంత్రం పని చేస్తుంది, కాకపోతే సన్నటి పోగులనూ కొంత తెంపుతుంది, తూకంలో కొంత పోతుంది, ప్రతి ఏడూ ఆ ఖర్చు మళ్లీ పెట్టుకోవాలి. ఎల్ యరాల్ కాపరులు అదే పనిని మగవాటిని ఎంచి చేశారు. ఒకసారి చేస్తే మందలో నిలిచిపోయింది. బొలీవియాలో ఇరవై లక్షలకు పైగా లామాలున్నాయి, ప్రపంచంలో మరెక్కడా అన్ని లేవు. ఆ మందల్లో పైబొచ్చు పలచగా ఉన్న జంతువులు ఇంకా పుడుతూనే ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడానికి కావాల్సింది పెద్ద ఏర్పాటు కూడా కాదు: కత్తిరింపు రోజున ప్రతి మగదాని పక్కటెముకల మీది నుంచి చిటికెడు బొచ్చు తీసి, సంచిలో వేసి, దాని మీద జంతువు చెవి నంబరు రాసి కొలవడానికి పంపాలి. వచ్చిన కాగితంలో సగటు గడిని దాటి, 30 మైక్రాన్లు మించిన పోగుల శాతం ఉన్న గడిని మొదట చూడాలి.